గంగారాం కాలికి ఆరాం

1986 వానాకాలంలో బోధన్ ప్రాంతంలోని ఒక చక్కెర ఫ్యాక్టరీలో మెడికల్ ఆఫీసరుగా చేరాను. అది పెద్ద ఫ్యాక్టరీ కాదు, దాని పేరుతో ఇక్కడ పనీ లేదు. గేటు పక్కన 'ఆసుపత్రి' అని బోర్డు తగిలించిన ఒక ఇల్లు ఉండేది. అందులో కొన్ని మంచాలు, ఒక కాంపౌండరు, ఒక ఆయా, కొత్తగా నేను. హోదా ప్రకారం నేను నేరుగా జనరల్ మేనేజరుకే జవాబు చెప్పుకోవాలి. ఆడ డాక్టరు ఫ్యాక్టరీలో ఎలా నెగ్గుకొస్తుందని మొదట్లో కొందరు గొణిగారు. కొన్నాళ్లకు ఆ గొణిగినవాళ్లే వరస కట్టి బీపీ చూపించుకున్నారు.

ఫ్యాక్టరీ డాక్టరంటే సూదులు వేసి మాత్రలిచ్చే మనిషని బయటివాళ్లు అనుకుంటారు. అది సగం పనే. మిగతా సగం, దెబ్బ తగిలిన మనిషి మళ్లీ పనిలోకి ఎప్పుడు పోవచ్చో తేల్చడం. దానికి మూడు మెట్లుండేవి. మొదటిది 'అన్‌ఫిట్', అంటే ఇంటి దగ్గరే ఉండాలి. రెండోది 'లైట్ డ్యూటీ', అంటే కూర్చుని చేసే పని. మూడోది 'ఫిట్', అంటే తన పాత పనికే పోవచ్చు. చక్కెర ఫ్యాక్టరీలో పాత పని అంటే మరిగే పాకం, తిరిగే యంత్రాలు, ఇనుప మెట్లు. తొందరపడి ఫిట్ అంటే మనిషి కిందపడతాడు. ఆలస్యం చేస్తే జీతం పోతుంది. రెండు వైపులా తిట్లు డాక్టరుకే.

మాది నిజామాబాద్ పట్టణమే. మా గల్లీలో ఇంటింటా బీడీలు చుట్టేవాళ్లు. కాబట్టి ఇక్కడి మాటతో నాకు ఇబ్బంది ఉండకూడదు. కానీ ఉద్యోగంలో చేరాక ఒక మాట నన్ను ఏడిపించింది. అది 'ఆరాం'. మా వైపు ఇద్దరు ఎదురుపడితే 'ఆరామేనా?' అని పలకరించుకుంటారు. 'ఆరామే' అన్నది జవాబు. జ్వరం తగ్గితే 'ఆరాం అయింది' అంటాం. పని మానుకుని మంచమెక్కినా 'ఆరాం చేస్తున్నడు' అంటాం. చిన్నప్పటి నుంచి ఇవన్నీ నోట్లో ఉన్న మాటలే కనుక ఎప్పుడూ ఆలోచించలేదు. డాక్టరు కుర్చీలో కూర్చుని 'ఎట్లున్నది?' అని అడగడం మొదలుపెట్టాక తెలిసింది. కాలు విరిగినవాడూ ఆరామే, కడుపులో పుండున్నవాడూ ఆరామే. మా జిల్లాలో రోగులే లేరు.

ఆ ఏడాది దసరా వెళ్లగానే మా ఫ్యాక్టరీ గ్రౌండులో హాకీ పోటీలు పెట్టారు. చుట్టుపక్కల ఫ్యాక్టరీల జట్లు, కొన్ని క్లబ్బులు వచ్చాయి. మ్యాచ్‌లు ఆదివారాల్లోనే జరిగేవి. ముందు లీగు దశ, అందులో నెగ్గినవాళ్లకు సెమీఫైనల్, తర్వాత ఫైనల్. గ్రౌండు అన్నాను గానీ అది నిజానికి చెరకు యార్డు. క్రషింగ్ రోజుల్లో, అంటే చెరకు ఆడే నెలల్లో, అక్కడ ఎడ్లబండ్లు బారులు తీరి నిలబడతాయి. మిగతా నెలల్లో మొరం పోసి, రోలరు తిప్పి, గోలుపోస్టులు పాతి హాకీ ఆడేవాళ్లు. బండ్లు రావడం మొదలైతే ఆట బందు. అందుకని ఫైనల్‌ను వాయిదా వేసే మాటే లేదు.

మా జట్టులో సెంటర్ హాఫ్ ఆడేవాడు గంగారాం. సెంటర్ హాఫ్ అంటే మైదానం నడిమధ్యన నిలబడి, వెనకవాళ్లు ఆపిన బంతిని ముందున్నవాళ్లకు అందించే మనిషి. జట్టుకు అతనే ఇరుసు. ఊరు జక్రాన్‌పల్లి దగ్గర, పసుపు పండించే ఇల్లు. పొడుగ్గా, నల్లగా, ఎప్పుడూ నవ్వుతూ ఉండేవాడు. ఫ్యాక్టరీలో సీజనల్ మనిషి. అంటే క్రషింగ్ నడిచినన్నాళ్లే పని, తర్వాత ఇంటికి. ఆ ఏడు పోటీల కోసం ముందే వచ్చాడు. పాకం మరిగే పాన్ హౌస్‌లో హెల్పరు. పొద్దంతా ఇనుప మెట్లు ఎక్కుతూ దిగుతూ ఉండాలి.

పోటీలు ప్రారంభించిన రోజు జనరల్ మేనేజరు ఒక మాటన్నారు. జట్టులోని సీజనల్ కుర్రాళ్లలో బాగా ఆడినవాడిని ఒకరిని పర్మనెంట్ చేస్తామని. జట్టులో సీజనల్ వాళ్లు ఇద్దరే. ఒకడు గంగారాం, రెండోవాడు నర్సింలు. నర్సింలు రిజర్వులో కూర్చునేవాడు. కాబట్టి ఆ పర్మనెంటు నౌకరి గంగారాందేనని అందరూ అనుకున్నారు. గంగారాం కూడా అనుకున్నాడు. లీగులో చివరి మ్యాచ్ దాకా.

ఆ మ్యాచ్‌లో గంగారాం బంతి తీసుకుని ఎడమకు మళ్లుతూ ఒక్కసారిగా కూలబడ్డాడు. కిందటేడు బండ్ల చక్రాలు పడి ఏర్పడిన గాడి ఒకటి, మొరంతో పూడ్చినా, వానలకు మళ్లీ కుంగింది. అతని కుడికాలు సరిగ్గా అందులో పడి లోపలికి మడత పడింది. నేను పోయేసరికి చీలమండ బయటి వైపు కోడిగుడ్డంత వాపు. నలుగురు చుట్టూ చేరి, నలుగురూ ఆ పాదాన్ని లాగి సరిచేయడానికి సిద్ధంగా ఉన్నారు. అందరినీ అవతలికి తోసి, ఎముకల కొసలు వేలితో నొక్కి చూశాను. నొక్కుతూ నొస్తున్నదా అని అడిగాను. "ఆరామే డాక్టరమ్మ" అన్నాడు, కళ్లలో నీళ్లు కారుతుంటే.

జీపులో నిజామాబాద్ పంపి ఎక్స్‌రే తీయించాం. ఎముక విరగలేదు. బయటి వైపు లిగమెంటు కొంత చిరిగింది. లిగమెంట్లంటే ఎముకను ఎముకకు కట్టి ఉంచే పట్టీలు. అవి కేవలం సాగితే మొదటి రకం, కొంత చిరిగితే రెండో రకం, పూర్తిగా తెగితే మూడో రకం. గంగారాంది రెండో రకం. డాక్టర్లకు తలనొప్పి తెచ్చేదీ ఈ రెండో రకమే. మూడోదైతే మనిషి లేవలేడు, చెప్పినట్టు వింటాడు. రెండోదైతే వారం తిరక్కుండానే నడుస్తాడు, నయమైపోయిందనుకుంటాడు. లోపల పట్టీ ఇంకా పచ్చిగానే ఉంటుంది.

ఐసు బోధన్‌లో కూల్‌డ్రింకుల షాపు నుంచి తెప్పించాం. క్రేప్ బ్యాండేజీ కట్టి, కాలు ఎత్తున పెట్టించి పడుకోబెట్టాను. మర్నాడు పొద్దున వార్డులోకి పోయేసరికి అతని తల్లి రాజవ్వ ఊరి నుంచి దిగి ఉంది. నా కట్టు విప్పేసి, ఇంట్లో పండిన పసుపుతో పట్టు వేసింది. పాదం మొత్తం బంగారంలా మెరిసిపోతోంది. నాకు పసుపు మీద కోపం లేదు, మా జిల్లా దాని మీదే బతుకుతోంది. కానీ దెబ్బ తగిలినచోట గడ్డకట్టిన నెత్తురు మొదట నీలంగా, తర్వాత ఆకుపచ్చగా, చివరికి పసుపుపచ్చగా మారుతుంది. ఆ రంగు చూసి గాయం ఏ దశలో ఉందో అంచనా వేస్తాం. ఈ కాలు మొదటి రోజే చివరి దశకు చేరిపోయింది. రాజవ్వను బతిమాలి, పట్టు మోకాలికి వేసుకొమ్మని, చీలమండ నాకు వదలమని ఒప్పందం చేసుకున్నాను. మోకాలికి ఏమీ కాలేదని ఆవిడకు తెలుసు. అయినా ఒప్పుకుంది.

ఇక అక్కడి నుంచి 'ఎప్పుడు?' మొదలైంది. గేటు దగ్గర వాచ్‌మన్ నుంచి చీఫ్ కెమిస్టు దాకా, కనబడిన ప్రతివాడూ గంగారాం ఎప్పుడు ఆడతాడనే. ఎవరికీ చెప్పడానికి నా దగ్గర తేదీ లేదు. అందరిలోకి ఎక్కువ ఆదుర్దా శేషగిరిరావు గారిది. ఆయన లేబర్ వెల్ఫేర్ ఆఫీసరు. కార్మికుల క్వార్టర్లు, క్యాంటీను, పండగలు, ఆటలు ఆయన చేతి కింద ఉండేవి. గోదావరి జిల్లా నుంచి వచ్చి ఏడాది కూడా కాలేదు. బంగారం లాంటి మనిషి. ఇక్కడివాళ్లతో ఇక్కడి భాషే మాట్లాడాలని పట్టుదల. కొత్త మాట చెవిన పడిందంటే సాయంత్రంలోగా ఎక్కడో ఒకచోట వాడి తీరాలి. ఎక్కడ వాడాలన్నది మాత్రం ఆయన పట్టించుకునేవారు కాదు.

దీపావళికి ముందు ఒక సాయంత్రం ఆయన ఆసుపత్రికి వచ్చి, "షిఫ్టు మారే వేళండీ, గేటు దగ్గర జనమంతా గంగారాం సంగతి అడుగుతున్నారు. ఏం చెప్పమంటారు?" అన్నారు. ఇంకా విశ్రాంతి కావాలి, ఇప్పుడేమీ చెప్పలేమని చెప్పమన్నాను. ఆయన ఉత్సాహంగా వెళ్లారు. గేటు దగ్గర, పోటీల కోసం పెట్టిన మైకు ఉండేది. విశ్రాంతి అనే పుస్తకాల మాట కార్మికులకు ఏం బాగుంటుందనుకున్నారు కాబోలు, ఆ మాటను ఆయనే ఇక్కడి భాషలోకి మార్చారు.

"మన గంగారాంకి ఆరామండీ! డాక్టరమ్మ గారే స్వయంగా చెప్పారు. ఇక ఆరామే ఆరాం!"

గోదావరి చెవికి ఆరాం అంటే విశ్రాంతి. గేటు దగ్గరున్న చెవులకు మాత్రం గంగారాంకు నయమైపోయింది. ఒక్కసారిగా కేకలు. దీపావళికని దాచుకున్న టపాకాయలు అప్పుడే కాల్చేశారు. ఎక్కడి నుంచో డప్పు వచ్చింది. శేషగిరిరావు గారు నా దగ్గరికి మెరిసే కళ్లతో తిరిగొచ్చి, "చూశారా మేడం, విశ్రాంతి అన్నా ఎంత సంతోషంగా తీసుకున్నారో! ఎంత అర్థం చేసుకునే మనుషులండీ!" అన్నారు. ఆయన ఏ మాట వాడారో అడిగి తెలుసుకున్నాను. సంగతి వివరించాను. ఆయన అక్కడే కుర్చీలో కూలబడి, తల పట్టుకున్నారు. తర్వాత ఇద్దరం ఆపుకోలేక నవ్వాం. నవ్వడం అయిపోయాక ఏం చేయాలో ఇద్దరికీ తెలియలేదు.

నవ్వుతో పోయే సంగతి కాదని మర్నాడు పొద్దున్నే తెలిసింది. గంగారాం స్టిక్కు పట్టుకుని గ్రౌండులో ప్రాక్టీసుకు నిలబడి ఉన్నాడు. మైకులో చెప్పారంటే అతనికీ నయమైనట్టే. నేను ఆసుపత్రిలోకి పిలిచి, బూట్లు విప్పించి, కుడికాలి మీద ఒక్కదాని మీదే నిలబడి కళ్లు మూసుకొమ్మన్నాను. లిగమెంట్లు ఎముకలను పట్టి ఉంచడమే కాదు, పాదం ఏ వంపులో ఉందో చూడకుండానే మెదడుకు చెప్తుంటాయి. చిరిగిన లిగమెంటు ఆ కబురు ఆలస్యంగా అందిస్తుంది. కళ్లు తెరిచి ఉంటే చూపు ఆ లోటు పూడుస్తుంది. కళ్లు మూస్తే దొంగ దొరికిపోతాడు. గంగారాం కళ్లు మూశాడు, ఊగాడు, పక్కనున్న కాంపౌండరు మీద పడ్డాడు. కాంపౌండరు కుర్చీ మీద పడ్డాడు.

"ఎట్లున్నది?" అన్నాను.

"ఆరామే డాక్టరమ్మ" అన్నాడు కింద నుంచి.

సెమీఫైనల్‌కు అన్‌ఫిట్ అని చెప్పాను. అతను మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. అతని బదులు అడగడానికి రాజవ్వ ఉంది. "మైకుల ఆరాం అన్నరు, దవాఖానల కాదన్నరు. నా కొడుకుకున్నయి రెండే కాళ్లు గద బిడ్డా. ఎవరి మాట ఇనాలె?" అంది. మైకులో మాట తేడా వచ్చిందని చెప్పాను. "మల్ల మైకులనే సెప్పుండ్రి, తేడా అచ్చిందని" అంది. ఆ ధైర్యం నాకూ లేదు, శేషగిరిరావు గారికీ లేదు.

గంగారాం భయం ఏమిటో నాకు తెలియక కాదు. అతని స్థానంలో ఆడబోయేది నర్సింలు. పెద్ద మ్యాచ్‌లో నర్సింలు మెరిస్తే పర్మనెంటు నౌకరి అటు పోతుంది. ఇంకోవైపు, ఇప్పుడు ఆడి ఆ పట్టీ పూర్తిగా తెగితే, క్రషింగ్‌కు బాయిలరు వెలిగించే నాటికి గంగారాం ఇనుప మెట్లెక్కలేడు. అప్పుడు పర్మనెంటు మాట దేవుడెరుగు, ఆ ఏడు సీజనల్ పని కూడా ఉండదు. అతను ఒక్క ఆదివారాన్నే చూస్తున్నాడు. నేను ఆ తర్వాతి నెలలను చూస్తున్నాను. ఇద్దరం చూస్తున్నది ఒకే కాలిని.

జనరల్ మేనేజరు పిలిపించారు. కూర్చోమనకుండానే, మీరే ఫిట్ అని మైకులో చెప్పించి ఇప్పుడు మీరే కాదంటున్నారట, ఏమిటి సంగతని అడిగారు. పక్కన నిలబడిన శేషగిరిరావు గారు సీలింగు ఫ్యాను వైపు దీక్షగా చూస్తున్నారు. మాట అందడంలో తేడా జరిగింది సార్, కాలిలో తేడా లేదు, అది ఇంకా మానలేదు అన్నాను. సెమీఫైనల్ ఓడిపోతే ఏమంటారని అడిగారు. ఓడిపోయామంటాను సార్ అన్నాను. ఆయనకు నవ్వొచ్చిందో కోపమొచ్చిందో గానీ, వెళ్లమని చెయ్యి ఊపారు.

పైకి అంత గట్టిగా అన్నాను గానీ సెమీఫైనల్ రోజు నా పరిస్థితి చెప్పుకోదగ్గది కాదు. హాకీలో ఓనమాలు రానిదాన్ని, స్ట్రెచర్ పక్కన కూర్చుని దేవుళ్లందరినీ తలుచుకున్నాను. మేం ఓడితే గంగారాంకు ఇక మైదానంలో దిగే అవకాశమే ఉండదు. నా ఒక్క మాటతో అతని నౌకరి పోయినట్టే. మేం ఒక గోలు ముందున్నాం. ఆట ముగియబోతుండగా అవతలివాళ్లకు పెనాల్టీ స్ట్రోక్ దొరికింది, అంటే గోల్‌కీపరు ఒక్కడే అడ్డుండే దెబ్బ. మా గోల్‌కీపరూ కెప్టెనూ యూసుఫ్ భాయ్, వర్క్‌షాపులో ఫిట్టరు. భారీ మనిషి. ఆయన కుడివైపు దూకాడు, బంతి ఆయన ప్యాడుకు తగిలి బయటికి పోయింది. ఎటు వస్తుందో ఎలా కనిపెట్టారని తర్వాత అడిగితే, "దూకలే మేడం, కాలు జారింది" అన్నాడు. ఏదైతేనేం, గెలిచాం. నేను లేచి గెంతానట. ఆ సంగతి నాకు గుర్తు లేదు గానీ చూసినవాళ్లు చాలామంది ఉన్నారు.

మర్నాటి నుంచి గంగారాంకు అసలు పని పెట్టాను, ఆ పట్టీకి కబురందించడం మళ్లీ నేర్పే పని. స్టాఫ్ క్వార్టర్ల వెనక వరి పొలాలు. కోతలు అయిపోయి గట్లు ఎండి ఉన్నాయి. పెద్ద ఊళ్లలో ఇప్పుడు ఈ పనికి ఊగే బల్లలు, రబ్బరు బుడగలు ఉన్నాయి. నాకున్నది పొలం గట్టు. ఎగుడుదిగుడుగా, పాదం పట్టేంత వెడల్పుగా, పక్కకు తూలితే మెత్తటి మట్టి. మొదట గట్టు మీద నడక, తర్వాత పైకి చూస్తూ నడక, తర్వాత పరుగు. జనం పనిగట్టుకుని వచ్చి చూసేవాళ్లు. డాక్టరమ్మ గంగారాంను కొంగలా తయారుచేస్తోందని పేరొచ్చింది. అతను బాగానే కుదురుకుంటున్నాడు. ఒక్కటే చిక్కు. ప్రతిరోజూ ఎట్లున్నది అని అడుగుతాను, ప్రతిరోజూ ఆరామే అంటాడు. ఆ మాట వెనక నొప్పి ఉందో లేదో నాకు తెలియదు.

ఫైనల్ రోజు పొద్దున ఆఖరి పరీక్ష. గ్రౌండులో ఇటుకలు పెట్టి వాటి మధ్య ఎనిమిది అంకెలా పరుగెత్తించాను. ఉన్నట్టుండి ఆగమన్నాను, కుడికి మళ్లమన్నాను, ఎడమకు మళ్లమన్నాను. యూసుఫ్ భాయ్ బంతులు విసురుతుంటే ఆపి కొట్టమన్నాను. అన్నీ చేశాడు. కళ్లకు కనబడేంత తప్పు ఏదీ లేదు. రాజవ్వ ఒక పక్క, శేషగిరిరావు గారు ఒక పక్క, నా నోటి వైపే చూస్తున్నారు.

"ఎట్లున్నది?"

"ఆరామే డాక్టరమ్మ."

నాకు ఒళ్లు మండింది. ఆ మాట ఇక నా ముందు అనొద్దని నిషేధించాను. ఆ ఒక్క మాట తీసేస్తే అతని దగ్గర ఇంకో జవాబు లేదు. చాలాసేపు తంటాలు పడి, "మంచిగనే" అన్నాడు. అదీ నిషేధించాను. 'ఏం కాలే' అన్నాడు. అదీ కుదరదన్నాను. రాజవ్వ, "అరే, పోరడు ఇగ ఏమనాలె? మూగోడయితడా?" అని నా మీదికి వచ్చింది.

"నొస్తె యాడ నొస్తున్నదో చెప్పాలె. అంతే" అన్నాను.

"నొస్తదంటె ఆడనియ్యరు గద" అన్నాడు గంగారాం. అన్నాక నాలుక కరుచుకున్నాడు.

వారాల తరబడి మా ఇద్దరి మధ్య ఉన్న తగువు అదేనని అప్పుడు స్పష్టంగా తెలిసింది. అతను నన్ను డాక్టరనుకోవడం లేదు, గేటు దగ్గర వాచ్‌మన్ అనుకుంటున్నాడు. నన్ను దాటి లోపలికి పోవాలి, అంతే. "నొస్తదంటెనే ఆడనిస్త. ఆరామే అంటె బెంచి మీద కూసోబెడత" అన్నాను.

నేను వేళాకోళం చేస్తున్నానేమోనని కాసేపు నా మొహంలోకి చూశాడు. తర్వాత కిందికి వంగి, చీలమండ బయటి వైపు, ఎముక కొసకు కొంచెం ముందుగా వేలు పెట్టాడు. "సీదా ఉరికితె ఏం లేదు. కుడికి మర్లితె ఏం లేదు. ఎడమకు జోరుగ మర్లినప్పుడు గీడ జర గుంజుతున్నది. పొడిసినట్టు గాదు, గుంజినట్టు. ఆగినంక పోతున్నది" అన్నాడు. అన్ని మాటలు కలిపి నాతో అతను మాట్లాడటం అదే మొదటిసారి. అతను వేలు పెట్టిన చోటును నొక్కి చూశాను. సరిగ్గా ఆ పట్టీ ఉండే చోటే. వాపు లేదు, నొక్కితే నొప్పి లేదు. ఆగగానే పోయే గుంజు కొత్తగా చిరిగిన దాని లక్షణం కాదు, మానుతున్న దానిది. నా అనుమానం తీరింది. సంతోషం పట్టలేక అతని వీపు మీద ఒక్కటి చరిచాను.

మా పోటీల నియమం ప్రకారం మ్యాచ్‌లో ఇద్దరిని మార్చుకోవచ్చు, బయటికొచ్చినవాడు మళ్లీ దిగడానికి లేదు. గంగారాం సెకండ్ హాఫ్ మాత్రమే ఆడాలి, గుంజడం పొడుపుగా మారితే తనంతట తానే బయటికి రావాలి, ఎడమకు మళ్లే పని అతనికి పెట్టకూడదు అని మూడు షరతులు చెప్పాను. యూసుఫ్ భాయ్ గడ్డం గోక్కుని ఆలోచించి, "ఫికర్ చెయ్యకుండ్రి మేడం. నర్సింలును తియ్య. ఎడమ దిక్కు వాడు సూస్కుంటడు, వేరేటోన్ని బయట కూసోబెడత" అన్నాడు. అంటే ఒకరి బదులు ఒకరు కాకుండా సీజనల్ వాళ్లు ఇద్దరూ పక్కపక్కన ఆడతారు. నర్సింలు అది విని గంగారాం స్టిక్కును తన స్టిక్కుతో తట్టాడు. స్టికింగ్ ప్లాస్టరుతో చీలమండకు గట్టి కట్టు నేనే వేశాను. రాజవ్వ పసుపు తెచ్చింది. మోకాలికి రాసింది.

ఆ సాయంత్రం ఫస్ట్ హాఫ్‌లో మేం ఒక గోలు వెనకబడ్డాం. విరామంలో శేషగిరిరావు గారు మైకు పట్టుకుని, దాని మూతి మీద చెయ్యి అడ్డం పెట్టి, నా వైపు వంగి రహస్యంగా అడిగారు. "మేడం, ఏ మాట వాడమంటారు?" ఆడుతడు అని చెప్పండి, ముందూ వెనకా ఇంకేమీ కలపొద్దు అన్నాను. ఆయన గొంతు సవరించుకుని, "గంగారాం ఆడుతడు!" అన్నారు. చివర 'అండీ' కూడా లేదు. యార్డు దద్దరిల్లింది. ఆయన జీవితంలో అంత చక్కగా ఇక్కడి భాష మాట్లాడింది ఆ రోజే అయ్యుంటుంది.

గంగారాం పాత గంగారాంలా పరుగెత్తలేదు. మధ్యలో నిలబడి, కుడివైపు పనులు తను చూసుకుని, ఎడమవైపు బంతి వస్తే "నర్సింలూ!" అని అరిచేవాడు. నర్సింలు అక్కడ ఉండేవాడు. అలా ఒకసారి నర్సింలు ఆపి ఇచ్చిన బంతిని గంగారాం కుడివైపు నుంచి పొడుగ్గా ముందుకు కొట్టాడు. మా ఫార్వర్డు దాన్ని గోల్లోకి నెట్టాడు. ఒకటి-ఒకటి. ఆ తర్వాత ఎవరూ గోలు చేయలేదు, ఎక్స్‌ట్రా టైములో కూడా. చీకటి పడుతోంది. మర్నాటి నుంచి బండ్లు వస్తాయి. మళ్లీ ఆడటానికి గ్రౌండు ఉండదు. కాబట్టి ఇద్దరినీ విజేతలుగా ప్రకటించారు. కప్పు ఎవరి దగ్గర ఎన్నాళ్లుండాలన్న దాని మీద మా ఫ్యాక్టరీ, ఫైనల్ ఆడిన అవతలి ఫ్యాక్టరీ తర్వాత చాలాకాలం మాట్లాడుకోలేదు. అది వేరే సంగతి.

బహుమతులిచ్చేటప్పుడు జనరల్ మేనేజరు గంగారాంతో చెయ్యి కలిపి, మర్యాదకు, కాలెలా ఉందని అడిగారు. అలాంటి ప్రశ్నకు మా వైపు ఒకటే జవాబు. గంగారాం నా వైపు ఒకసారి చూశాడు. చూసి, వేదిక మీదే వంగి, ఎముక కొస ముందు వేలు పెట్టి, సీదా ఉరికితే ఏమవుతుందో, ఎడమకు మర్లితే ఏమవుతుందో, మెట్లెక్కితే ఏమవుతుందో మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాడు. వెనక బహుమతుల కోసం వరసలో నిలబడినవాళ్లు నిలబడే ఉన్నారు. మేనేజరు గారు అంతా విన్నారు. క్రషింగ్ మొదలయ్యాక పర్మనెంటు అయింది గంగారామే. నర్సింలు మరుసటి ఏడాది అయ్యాడు. ఆ కాలితోనే గంగారాం పాన్ హౌస్ మెట్లు ఎక్కి దిగాడు, తర్వాతి సీజన్లలో హాకీ ఆడాడు. అతన్ని ఎవరైనా ఆరామేనా అని పలకరిస్తే మాత్రం తీరిగ్గా నిలబడాల్సి వచ్చేది.

ఆ తర్వాత ఉద్యోగం చేసినన్నాళ్లూ నేను ఎవరికీ 'ఎప్పుడు' అన్నదానికి తేదీ చెప్పలేదు. ఏ పని చేయగలిగితే పంపుతానో ఆ పని చెప్పాను. మైకుకు కబురు పంపడం మానేసి, ఆ కాలు ఎవరిదో వాళ్లకే మొదట చెప్పాను. ఇక పరీక్షలన్నీ అయ్యాక చివరిగా చూడాల్సింది, నొప్పి ఎక్కడుందో ఆ మనిషే నోరు విప్పి చెప్తాడా లేదా అన్నదని గంగారాం దగ్గర నేర్చుకున్నాను. అతను ఆరామే అన్నన్ని రోజులు బయట కూర్చోబెట్టాను. గుంజుతున్నది అన్న రోజున ఆటలోకి పంపాను.